కుర్చీ ఎత్తిన చేతులు

సెలవులో ఉన్న డిటెక్టివ్ అంత పనికిమాలిన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. అందరూ సముద్రం చూస్తుంటే వాడు తలుపుల గొళ్లాలు చూస్తాడు. ఆ రోజు మాత్రం నేను బుద్ధిగా సముద్రమే చూశాను. నా కొంప ముంచింది అదే.

తీరం వెంబడి కారులో తిరిగి రావాలన్నది మా ఆవిడ కోరిక. ఆర్నెల్లుగా పోరుతోంది. కారు నడిపేది మావాడు. మావాడంటే కొడుకు కాదు, శిష్యుడు. "దూరపు చుట్టాల అబ్బాయి, కాస్త పని నేర్పండి" అని కొన్నేళ్ల కిందట మా ఆవిడే తెచ్చి నాకు అప్పజెప్పింది. నన్ను బాబాయ్ అంటాడు, ఆమెను పిన్నీ అంటాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ పిలుపులకు చెవులు అలవాటు పడిపోయాయి. వేలిముద్ర ఎత్తడం దగ్గర్నుంచి ఎదుటివాడి కళ్లలో అబద్ధం పట్టడం దాకా వాడికి అన్నీ నేనే నేర్పాను. ముప్పయ్యయిదేళ్లు నిండినవాణ్ణి ఇప్పటికీ ఒరేయ్ అనే పిలుస్తాను.

కొండ మలుపులో పాత భవంతి కనబడగానే వాడు కారు లోపలికి తిప్పాడు. పిన్ని ముచ్చట పడుతోందని, ఒక్క గంటలో బయటపడదామని అన్నాడు. ఒకప్పుడు ఓడల వ్యాపారంలో గడించిన కుటుంబం కట్టించిన మేడ అది. ఇప్పుడు ఆ కుటుంబంలో మిగిలింది ఒక ముసలావిడ. అందరూ పెద్దమ్మగారు అంటారు. కింద రెండు గదుల్లో తను ఉంటూ, మిగతా ఇల్లంతా టికెట్టు పెట్టి జనానికి చూపిస్తుంది. గుమ్మం దగ్గరే సంచులు, కర్రలు, గొడుగులు అన్నీ పెట్టించేస్తారు. మా ఆవిడ పొడుగు గొడుగును మాత్రం వదిలేశారు. మోకాలి నొప్పితో ఆమె దాన్నే ఊతకర్రలా పట్టుకుని నడుస్తోంది. ఆ నొప్పి ఈమధ్యే మొదలైంది.

పై అంతస్తులో సముద్రం వైపు ఒక ఇరుకు వసారా, దాన్ని ఆనుకుని విసనకర్రల గది ఉన్నాయి. మెట్లెక్కేసరికి మా ఆవిడకు మోకాలు పట్టేసింది. గది కాపలా ఆమె గాభరాగా ఇవతలికి వచ్చింది. మావాడు గదిలోకి పోయి ఒక కుర్చీ తెచ్చాడు. రెండు చేతులూ సీటు కింద పెట్టి, కుర్చీని గుండెకు ఆనించుకుని, పొత్తిళ్లలో పిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. ముందు దాని వెనక కాళ్లు నేలకు ఆనించి, ఆ తర్వాత ముందు కాళ్లు దించి, సీటు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. "ఏరా, జోకొడుతున్నావా?" అన్నాను. వాడు నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగి సముద్రం చూశాను.

ఇంకో పావుగంటకు కాపలా ఆమె కేక వినబడింది. గదిలో నడిమి గాజుపెట్టె ఖాళీగా ఉంది. దంతపు పుల్లలకు పట్టు కట్టి, పట్టు నిండా ముత్యాలు కుట్టిన విసనకర్ర పోయింది. ఆ ఇంట్లో ఉన్న వాటన్నిటిలోకీ విలువైనది అదే. పెద్దమ్మగారు వెంటనే తలుపులు మూయించి పోలీసులను పిలిపించింది.

వచ్చిన ఇన్‌స్పెక్టర్ను చూడగానే నాకు నోరు చేదైంది. మీసాలాయన. ఒకప్పుడు అతను అరెస్టు చేసిన మనిషిని నేను నిర్దోషి అని రుజువు చేసి విడిపించాను. అప్పట్నుంచి అతనికి నేను పంటికింద రాయిని. నన్ను చూసి చాలా మర్యాదగా నమస్కారం పెట్టాడు. మర్యాద ఎక్కువైతే మంట ఎక్కువైనట్టే అని నాకు తెలుసు.

అందర్నీ వరసగా నిలబెట్టి వెతికాడు. వచ్చినవాళ్లు పదిమందికి మించరు. "ముందు నన్ను వెతకండి సార్" అని మావాడు తనంత తానుగా జేబులు తిరగేశాడు. నా శిష్యుడు అనిపించుకున్నాడురా అని నాకు ఛాతీ పొంగింది. నేనూ చేతులెత్తి నిలబడ్డాను. తర్వాత మీసాలాయన మా ఆవిడ ముందు ఆగాడు. వెంట వచ్చిన మహిళా కానిస్టేబులు ఆమె చీర కుచ్చిళ్లు, కొంగు చూసింది.

"ఆ గొడుగు కూడా ఒకసారి విప్పి చూద్దాం" అన్నాడతను.

పోనీ చూసుకోనివ్వండి, మనకేం భయం అంది మా ఆవిడ, నెమ్మదిగా. ఆ నెమ్మదికి నాకు ఇంకా ఒళ్లు మండింది. మోకాలు నొప్పితో కూచున్న మనిషి ఊతకర్ర లాక్కుంటాడా వీడు?

"నా భార్య మీద అనుమానమా?" అన్నాను.

"నాకు ఎవరి మీదా అనుమానం లేదండీ. అందర్నీ ఒకేలా వెతుకుతాను. మీరు ఆ రోజు కోర్టులో నాకు నేర్పిన పాఠమే."

"అలాగే వెతకండి. ఏమీ దొరక్కపోతే మీ పైవాళ్ల ముందు చెప్పుకోడానికి సంజాయిషీ ముందే రాసి పెట్టుకోండి."

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. పక్కన కానిస్టేబుళ్లు ఉన్నారు, జనం ఉన్నారు. కోర్టులో ఒకసారి పోయిన పరువు ఇంకోసారి పోగొట్టుకోవడం ఎందుకు అనుకున్నాడేమో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గెలిచాననుకున్నాను. మా ఆవిడ నా చెయ్యి మృదువుగా నొక్కింది.

ఆ కోపం అతను కాపలా ఆమె మీద చూపించాడు. గాజుపెట్టె తాళం పగల్లేదు, గాజు బీటవారలేదు. కాబట్టి బయటివాళ్ల పని కాదని తేల్చేశాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నా అంత అనుభవం లేదు" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. జీపు గుమ్మం ముందుకు తెమ్మన్నాడు.

కాపలా ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఏడవడం లేదు, చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. భవంతి వెనక ఇచ్చిన గదిలో మంచానపడ్డ తల్లితో ఉంటోందట. కొలువు పోతే గది పోతుంది. దొంగ అన్న పేరు ఒకసారి పడితే ఇంకో గడప ఎక్కనిచ్చేవాళ్లు ఉండరు. నేనుండగా నిన్ను ఆ జీపు ఎక్కించలేరు అని ఆమెకు మాటిచ్చాను. ఎవరో అడిగితే ఇచ్చిన మాట కాదది. మీసాలాయన మీద పంతంతో ఇచ్చాను, కానీ ఇచ్చాక అది నిజమైపోయింది. ఆమె నా మొహం వైపు చూసిన చూపు అలాంటిది.

గాజుపెట్టె చూపించమన్నాను. ముందు తాళం, వెనక చెక్క పలక. పలక మీద ఏమీ కనబడదు. ఆమె గోరు కింది అంచున ఒక చోట పెట్టి పైకి తోసింది. పలక చప్పుడు లేకుండా జారింది. లోపల తుడవడానికి పూర్వం ఎప్పుడో అలా చేయించారట. ఈ సంగతి ఎవరెవరికి తెలుసని అడిగాను.

"పెద్దమ్మగారికీ, నాకూ తెలుసండీ. నాకు ముందు ఇక్కడ పనిచేసినవాళ్లకు తెలిసుండాలి. వాళ్లెవరో నాకు తెలీదు."

అందుకే కదా నిన్ను పట్టుకున్నది అన్నాడు మీసాలాయన, గడప దగ్గర్నుంచి. నేను అతన్ని పట్టించుకోకుండా, గది వదిలి ఎందుకు వెళ్లావని అడిగాను. మంచినీళ్లకు వెళ్లానంది. నీళ్లు ఎవరినైనా పంపి తెప్పించొచ్చు కదా అన్నాను.

"కింద కుర్రాణ్ణి కేకేద్దామనే అనుకున్నానండీ. మీ ఆవిడగారు నా చెయ్యి పట్టుకుని, నువ్వే తెచ్చిపెట్టు తల్లీ, నీ చేతి నీళ్లు తాగుతాను అన్నారు. ఆ మాటకు కాదనలేకపోయాను."

మా ఆవిడ నోరు అంతే. కూరగాయల వాళ్ల దగ్గర కూడా తల్లీ, తండ్రీ అనే మాట్లాడుతుంది. నేను నవ్వుకుని ఆ ముక్క పక్కన పెట్టాను. పక్కన పెట్టకూడని ముక్క అదొక్కటే అని నాకు అప్పుడు తట్టలేదు. పెళ్లయి పాతికేళ్లు కాపురం చేస్తే కళ్లకు పొర కమ్ముతుంది, ఏ డాక్టరూ తీయలేడు.

మీసాలాయన గదిలోకి వచ్చి, రాసుకోవడానికి కూచుందామని, గోడవార ఉన్న కుర్చీని రెండు చేతులూ పట్టుకుని బరబరా లాగాడు. అదే సమయానికి పెద్దమ్మగారు పైకి వచ్చింది. ఆవిడకు చూపు సగమే ఆనుతుందట గాని చెవులు పాము చెవులు. ఆ చప్పుడుకే దొంగతనం కూడా మరిచిపోయి అతన్ని దులిపేసింది. కుర్చీ చేతులు పట్టుకుని లాగేవాడు రేపు మనిషిని జుట్టు పట్టుకుని లాగుతాడంది. మీసాలాయన మొహం కందగడ్డ అయింది. నాకు లోలోపల పండగలా ఉంది.

కుర్చీ ఎలా ఎత్తాలో చూపించమని ఆవిడ కాపలా ఆమెకు చెప్పింది. ఆమె వంగి, రెండు చేతులూ సీటు కింద పెట్టి, కుర్చీని గుండెకు ఆనించుకుంది. వెనక కాళ్లు ముందు దించింది. తర్వాత ముందు కాళ్లు దించింది. సీటు మీద అరచేత్తో ఒకసారి తట్టింది.

నా నవ్వు నోట్లోనే ఎండిపోయింది.

"ఆ తట్టడం ఏమిటండీ?" అన్నాను.

"ఈ నేల పాతది నాయనా. ఎక్కడ పల్లమో ఎక్కడ మిట్టో తెలీదు. కుర్చీ ఊగుతుందో లేదో అలా చూసుకుంటాం. మా అత్తగారు పెట్టిన పద్ధతి. ఇంకే ఇంట్లోనూ కనబడదు. ఇక్కడ పెరిగిన పనివాళ్ల పిల్లలకైతే నిద్రలో కూడా చెయ్యి అలాగే పోతుంది."

మీసాలాయన మీసం దువ్వుకుంటూ, కుర్చీల కథలు అయ్యాయా, ఇక ముద్దాయిని తీసుకెళ్లమంటారా అన్నాడు. కాసేపు ఆగమన్నాను. జీపు రావడానికి పట్టినంత సేపు మీకు టైమిచ్చానన్నాడు. నేను గబగబా మెట్లు దిగాను.

మావాడు కారుకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ని, కారులో మంచినీళ్ల సీసా ఉందని అడిగి బయటికి వచ్చాడట. నన్ను చూడగానే కేసు ఎంతదాకా వచ్చింది బాబాయ్ అన్నాడు. నేను కారు తాళాలు అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాను. డిక్కీ చూశాను, సీట్ల కింద చూశాను. ఏమీ లేదు. వాడు అడ్డు చెప్పలేదు, అడగనూ లేదు. అదే నాకు చాలా బాధ కలిగించింది. తప్పు చేయనివాడు ఈపాటికి నన్ను చెడామడా తిట్టేవాడు.

"ఈ ఇంట్లో ఎన్నాళ్లున్నావురా?" అన్నాను.

అబద్ధం ఆడబోయాడు. కళ్లు ఒక్కసారి ఎడమకు పోయాయి. ఆ కళ్లను చదవడం వాడికి నేర్పింది నేనే, ఆ సంగతి వాడికీ గుర్తొచ్చింది. తల దించుకున్నాడు.

పుట్టింది ఇక్కడేనన్నాడు. ఆ విసనకర్ర మీద ముత్యాలు కుట్టింది వాళ్ల అమ్మమ్మ. ఒకసారి అది కనబడకపోతే పెద్దమ్మగారు అమ్మమ్మను దొంగ అని, పిల్లాజెల్లాతో సహా వానలో బయటికి గెంటించింది. కొన్నాళ్లకు అది ఏదో పెట్టె అడుగున దొరికింది. దొరికిందని వీళ్లకు కబురు చెప్పినవాళ్లు లేరు, రమ్మని పిలిచినవాళ్లు లేరు. అమ్మమ్మ ఆ దిగులుతోనే పోయింది. వాడు ఇదంతా నేల చూస్తూ, ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పాడు.

నాకు జాలి వేసింది. నిజంగా వేసింది. కానీ పైన ఇంకో ఆడమనిషి చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"మీ అమ్మమ్మ మీద పడ్డ నిందే ఇప్పుడు ఆవిడ మీద పడిందిరా. అదే విసనకర్ర, అదే గది. ఇది నీకు న్యాయంగా ఉందా?"

"రెండ్రోజులు ఉంచుకుని వదిలేస్తారు బాబాయ్. రుజువేం ఉంటుంది?"

"నన్నెందుకు తెచ్చావు?"

వాడు నా మొహంలోకి చూసి చెప్పాడు.

"మీరు పక్కన ఉంటే మమ్మల్ని ఎవరు వెతుకుతారు బాబాయ్?"

చెంప మీద కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. ఇన్నేళ్లూ తిండి పెట్టి, విద్య నేర్పి, పెళ్లి సంబంధాలు చూస్తున్న మనిషిని. గొడుగులాగా వాడుకున్నాడు నన్ను. వస్తువు ఎక్కడుందంటే చెప్పనన్నాడు. పిన్నికి తెలుసా అని అడగడానికి కూడా నాకు మనసు రాలేదు, వాడే చెప్పాడు.

"పిన్నికి ఏమీ తెలీదు. ఆమెను ఇందులోకి లాగకండి. మీకు దణ్ణం పెడతాను."

లాగనన్నాను. కానిస్టేబుల్ని వీడి మీద కన్నేసి ఉంచమని చెప్పి మళ్లీ మెట్లెక్కాను. విసనకర్రను ఇంట్లోనే ఏ మూలో దాచి ఉంటాడు, తర్వాత ఎప్పుడో వచ్చి తీసుకుపోతాడు అనుకున్నాను. వాడి పేరు చెబితే చాలు, కాపలా ఆమె బయటపడుతుంది. నా బాధంతా మా ఆవిడకు ఎలా చెప్పాలన్నదే. చుట్టాల పిల్లాడని కడుపులో పెట్టుకుని పెంచింది. పాపం, నాకంటే ఘోరంగా మోసపోయింది అనుకున్నాను. మెట్టుమెట్టుకూ మాటలు వెతుక్కుంటూ ఎక్కాను.

వసారాలో ఆమె అదే కుర్చీలో కూచుని ఉంది. గొడుగు ఒళ్లో అడ్డంగా ఉంది. పక్కన నిలబడి, నీతో ఒక మాట చెప్పాలి, మనసు గట్టి చేసుకో అన్నాను. ఏమైందండీ అని నా మొహంలోకి చూసింది. ఆ కళ్లలో నాకు ఏ అబద్ధమూ కనబడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు అక్కడే ఆశ్చర్యం.

ఇంతలో గదిలోంచి మీసాలాయన, ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య కాపలా ఆమె బయటికి వచ్చారు. కింద జీపు ఇంజను చప్పుడు మొదలైంది. ఆగమని నేను అనేలోపే కానిస్టేబులు, అమ్మా కాస్త దారివ్వండి అన్నాడు. వసారా ఇరుకు. కుర్చీ దారికి అడ్డం.

మా ఆవిడ లేచింది. "ఇది పట్టుకోండి" అని గొడుగు నా చేతిలో పెట్టింది. మోకాళ్లు రెండూ మడిచి, హాయిగా వంగింది. చేతులు రెండూ సీటు కిందికి పోయాయి. కుర్చీని గుండెకు ఆనించుకుని గోడవారకు తెచ్చింది. వెనక కాళ్లు దించింది. ముందు కాళ్లు దించింది. సీటు మీద అరచేత్తో ఒకసారి తట్టింది.

అంతా తనకు తెలియకుండానే చేసింది. కాపలా ఆమె నడక ఆగిపోయింది. ఆమె చూపు మా ఆవిడ అరచేతి మీదే ఉంది. అక్కడ్నుంచి మెల్లగా నా మొహం మీదికి వచ్చింది. ఇచ్చిన మాట అడుగుతున్నట్టు లేదు. పెద్దవాళ్ల ఇళ్ల సంగతి నాకు తెలుసులే అన్నట్టుంది.

దూరపు చుట్టాల పిల్లాడు. పెళ్లినాటికే నా అన్నవాళ్లు లేరన్న మా ఆవిడ. వాడి అమ్మమ్మ. అంటే ఈమెకు అమ్మ, వాడు సొంత అక్క కొడుకు. మమ్మల్ని ఎవరు వెతుకుతారు అన్నాడు గాని, నన్నెవరు వెతుకుతారు అనలేదు వాడు. వెతకబోయినవాడి చెయ్యి అడ్డుకుంది నేనే.

నా వేళ్ల కింద గొడుగు గుడ్డ మడతల్లో సన్నటి పుల్లల కట్ట తగులుతోంది. అవి గొడుగు ఊచలు కావు.

మా ఆవిడ మెల్లగా నడుం నిటారు చేసింది. నా చూపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. ఏం చేసిందో అప్పుడు తెలిసింది ఆమెకు. అయినా చెయ్యి చాచింది.

"గొడుగు ఇటివ్వండి. మోకాలు నొప్పిగా ఉంది" అంది. "పాతికేళ్లలో మిమ్మల్ని నేనేదీ అడగలేదు."

నిజమే, అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. వాళ్లమ్మకు జరిగింది చెప్పి ఉంటే, నేను ఈ మేడ ముందు నిలబడి ఆ ముసలావిడ చేత క్షమాపణ చెప్పించేవాణ్ణి. నేను చెప్పదగినవాణ్ణని ఆమె ఒక్క రోజు కూడా అనుకోలేదు. ఇన్నేళ్లూ నా ఇంట్లో నేనే బయటివాణ్ణి.

కాపలా ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాను. మీసాలాయన వెనక్కి తిరిగాడు. "ఇందాక ఈ గొడుగు విప్పి చూస్తానన్నారు. నేను అడ్డం వచ్చాను, తప్పు నాది. ముందు ఆవిణ్ణి వదలండి."

గొడుగు అతనికి ఇచ్చేటప్పుడు మా ఆవిడ వైపు చూడలేకపోయాను.